బరంపురం వీధులు, పర్లాకిమిడి సంత: ఉమ్మడి స్థలం మనుషుల్ని ఎప్పుడు కలుపుతుంది?

ఒడిశాకు దక్షిణపు అంచున ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల పట్టణాల్లో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ తరతరాలుగా గోడకు గోడ ఆనుకుని కాపురముంటున్నారు. కొండల మీది నుంచి దిగివచ్చే సవరలు, కంధులు, వ్యాపారం కోసం వచ్చి స్థిరపడిన మార్వాడీలు, పాతపేటల్లోని ముస్లిం కుటుంబాలు, గజపతి జిల్లాలో చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్న క్రైస్తవులు కూడా ఈ పట్టణాల జనంలో భాగమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గీత జరిగింది గాని మనుషులు కదలలేదు. కచేరీ భాష మారింది, బడి భాష మెల్లగా మారింది, ఇంటి భాష చాలాచోట్ల అలాగే నిలిచింది. ఆ మార్పు అందరికీ సులువుగా మింగుడుపడలేదు. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి, దశాబ్దాలపాటు తాను పనిచేసిన ఆ ఊరిని అదే ఏడాది విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అంతటి చీలిక తర్వాత కూడా ఇక్కడి రోజువారీ బతుకు భాషల వారీగా ముక్కలు కాలేదంటే, ఆ కలివిడి ఎక్కడ తయారవుతోందో వెతికి చూడాలి.

దానికి జవాబు చాలామటుకు బజార్లలో, చెరువు గట్లమీద, వీధి మొగల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద దొరుకుతుంది. పట్టణ ప్రణాళికలు వీటిని బహిరంగ స్థలాలంటాయి, వాటివల్ల సామాజిక సఖ్యత పెరుగుతుందనీ అంటాయి. ఆ మాట సగమే నిజం. స్థలం ఉండటం ఒక ఎత్తు, అది మనుషుల్ని కలిపే తీరులో ఉండటం మరో ఎత్తు. సరిహద్దు పట్టణాలను కాస్త దగ్గరగా చూస్తే రెండు సంగతులు పదేపదే కనిపిస్తాయి. మొదటిది, అక్కడికి మళ్ళీమళ్ళీ రాక తప్పని అవసరం. రెండోది, ఆ చోటు బాగోగుల మీద వాడుకునేవాళ్ళకుండే పూచీ. ఈ రెండూ ఉన్నచోట నిర్మాణం నాసిగా ఉన్నా మనుషులు కలుస్తారు. రెండూ లేనిచోట ఎంత ఖర్చుపెట్టి అలంకరించినా జనం ఒకరిపక్కనుంచి ఒకరు నడిచిపోతారు.

లోపలి బంధం, వారధి బంధం

సామాజిక శాస్త్రజ్ఞులు మనుషుల మధ్య బంధాలను రెండు రకాలుగా విడదీసి చూస్తారు. ఒకే కులం, ఒకే భాష, ఒకే నమ్మకం గలవాళ్ళను మరింత దగ్గర చేసేది లోపలి బంధం. వేరువేరు గుంపులవాళ్ళ మధ్య రాకపోకలు కల్పించేది వారధి బంధం. ఈ తేడాను విస్తృతంగా చర్చకు తెచ్చిన అమెరికన్ రాజకీయ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ పట్నం 2007లో ప్రచురించిన పరిశోధనలో ఒక ఇబ్బందికరమైన విషయం బయటపెట్టారు. సుమారు 30,000 మంది అమెరికన్ల జవాబులను పరిశీలిస్తే, రకరకాల జాతులవాళ్ళు కలిసి ఉండే పేటల్లో పరాయివాళ్ళ మీదే కాక తమవాళ్ళ మీద కూడా నమ్మకం తక్కువగా కనిపించింది. ఆ సంగతి అమెరికా పేటలది, ఉన్నదున్నట్టు తెచ్చి గంజాం జిల్లాలోని బరంపురానికి అతికించడం కుదరదు. అయినా పక్కపక్కన ఉన్నంతమాత్రాన మనుషులు కలిసిపోరని మాత్రం అది గట్టిగానే గుర్తుచేస్తుంది.

లోపలి బంధానికి ఈ పట్టణాల్లో కొరత లేదు. కళింగాంధ్ర ఊళ్ళలో లాగే ఇక్కడి తెలుగు వీధుల్లోనూ రామమందిరం కనిపిస్తుంది; వారం వారం భజన, శ్రీరామనవమి పందిరి, వీధి తగవుల పంచాయితీ అన్నీ అక్కడే. ఒడియా పల్లెల్లో, పాతపేటల్లో భాగవత టుంగి ఆ పని చేస్తుంది. సాయంత్రాలు భాగవతం చదువుకునేందుకు ఏర్పడ్డ ఆ చిన్న కట్టడం ఊరి కబుర్లకూ తీర్పులకూ కూడా చోటు. మసీదు అరుగు, చర్చి ఆవరణ ఎవరివి వాళ్ళకున్నాయి. ఆపద వేళ తలుపు కొట్టగలిగే నలుగురిని మనిషికి ఇచ్చేవి ఇవే, వీటిని చిన్నచూపు చూడటం తప్పు. కాని వీటిలోకి బయటివాడు పిలుపు లేకుండా అడుగుపెట్టడు. పిలుపు అక్కరలేని చోటు, వచ్చినవాణ్ణి 'నువ్వెవరు' అని అడగని చోటు వేరే ఉండాలి. ఆ చోటు ముందుగా బజారు.

బరంపురం బడాబజారులోగాని గిరి మార్కెట్లోగాని ఉదయం పూట ఒక కూరల బుట్ట దగ్గర జరిగేది చూస్తే ఇది తెలుస్తుంది. బుట్ట వెనక కూర్చున్నామెను ఒడియా ఆయన 'మావుసీ' అని పిలుస్తాడు, వెనకే వచ్చిన తెలుగావిడ 'పిన్నీ' అంటుంది. ఆమె ఆయనకు ఒడియాలో ధర చెబుతూనే ఈవిడకు తెలుగులో రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేస్తుంది. భాష మారినట్టు ముగ్గురిలో ఎవరూ గమనించరు. బేరం తెగకపోతే పక్క బుట్టామె కలగజేసుకుంటుంది. చిల్లర చాలకపోతే 'రేపిద్దువుగానిలే' అన్న మాట వస్తుంది. ఆ మాటలో చిన్న అప్పు ఉంది, మొహం గుర్తుపెట్టుకోవడం ఉంది, రేపు మళ్ళీ వస్తావన్న ధీమా ఉంది. అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానోవెటర్ 1973లో పలచని బంధాల బలం గురించి రాసినప్పుడు ఇలాంటి పరిచయాలకే విలువ కట్టారు. దగ్గరివాళ్ళకు తెలిసినవి మనకు ముందే తెలిసి ఉంటాయి. కొత్త కబురు, ఖాళీ ఉన్న ఉద్యోగం, మంచి వైద్యుడి పేరు ముఖపరిచయం ఉన్నవాళ్ళ ద్వారానే అందుతాయి. భాషకు భాష అడ్డుగా ఉన్న ఊరిలో ఈ పలచని దారాలే రెండు పక్కలనూ కుట్టి ఉంచుతాయి.

ఫోనుతో చెల్లించే పద్ధతి వచ్చాక చిల్లర అప్పు తగ్గింది. అది అమ్మకందారుకు మేలే. కాని ధర చీటీ మీద అచ్చై ఉన్న పెద్ద దుకాణంలో, చల్లటి గదిలో, ఎవరితోనూ నోరు విప్పకుండా నెలసరుకు కొనుక్కుని బయటపడటం అలవాటైన కుటుంబాలు పెరుగుతున్నాయి. ఆ సౌకర్యం ఎవరికీ వద్దని చెప్పనక్కరలేదు. రోజూ పదిమందితో రెండేసి మాటలు ఆడించిన ఆ చోటు పోతే, దాని పని ఇంకెక్కడ జరుగుతుందో మాత్రం పట్టణ ప్రణాళిక వేసేవాళ్ళు చూసుకోవలసిందే.

కలవడం అన్ని వేళలా మంచే చేస్తుందనుకోవడం కూడా పొరపాటు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే షరతులు చెప్పారు: కలిసేవాళ్ళు ఆ సందర్భంలో సమాన హోదాలో ఉండాలి, వాళ్ళకొక ఉమ్మడి లక్ష్యం ఉండాలి, దానికోసం సహకరించుకోవాలి, అధికారంలో ఉన్నవాళ్ళ మద్దతు దానికి ఉండాలి. ఈ మాటకు మన దేశంలోనే మంచి రుజువు దొరికింది. ఆర్థికవేత్త మాట్ లోవ్ ఉత్తరప్రదేశ్‌లో వేరువేరు కులాలకు చెందిన 1,261 మంది యువకులను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరిని నెల రోజుల క్రికెట్ పోటీల్లో ఆడించి, కొందరిని ఆడించకుండా పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. ఒకే జట్టులో కలిసి ఆడినవాళ్ళ మధ్య కులాంతర స్నేహాలు పెరిగాయి, సొంత కులం మీది పక్షపాతం తగ్గింది. ఎదురెదురు జట్లుగా తలపడినవాళ్ళ మధ్య మాత్రం పరిస్థితి తిరగబడింది, రాకపోకలు తగ్గాయి. మైదానం ఒకటే, ఆట ఒకటే. జట్లను ఎలా పంచారన్నదే తేడా తెచ్చింది. వీధికొక జట్టు, కులానికొక జట్టు, భాషకొక జట్టు చొప్పున టోర్నమెంట్లు పెట్టే ఊళ్ళు ఈ ఫలితాన్ని ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

రెండేళ్ళకోసారి వీధి అందరిదయ్యే ఊరు

సరిహద్దు జిల్లాల్లో ఉమ్మడి స్థలం గురించి మాట్లాడేటప్పుడు బరంపురం ఠాకురాణీ యాత్రను పక్కన పెట్టడం కుదరదు. రెండేళ్ళకోసారి వేసవిలో మూడు నాలుగు వారాలపాటు జరిగే ఈ జాతరలో ఊరి దేవత బుఢీ ఠాకురాణి తన గుడి విడిచి దేశిబెహరా వీధిలో వేసిన తాత్కాలిక మందిరానికి వస్తుంది. అది ఆమెకు పుట్టిల్లు. ఆమెను కూతురిగా ఆహ్వానించేది దేరా నేతకారుల పెద్ద, దేశిబెహరా. ఈ నేతకారులు మహురి రాజుల పిలుపు మీద ఆంధ్ర ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్ళని స్థానికంగా చెప్పుకుంటారు. బరంపురానికి పట్టు పట్టణమన్న పేరు తెచ్చింది వాళ్ళ మగ్గాలే. ఒడియా నేలమీది ఊరి దేవతకు తెలుగు మూలాలున్న నేతకారుల ఇల్లు పుట్టిల్లు కావడం ఈ పట్టణం తనకు తాను చేసుకున్న ఒప్పందం లాంటిది. వలస వచ్చినవాళ్ళను ఊరు అతిథులుగా ఉంచేయలేదు, దేవతకు తల్లిదండ్రుల స్థానంలో కూర్చోబెట్టింది. ఊరిలో ఎవరి స్థానమేమిటో అందరూ చూస్తుండగా వీధిలోనే తేలింది, పత్రం మీద రాసుకోనక్కర లేకపోయింది.

యాత్ర రోజుల్లో ప్రతి రాత్రీ ఘటాలు తలకెత్తుకున్న స్త్రీలు వాయిద్యాలతో వీధులు తిరుగుతారు. మొక్కు ఉన్నవాళ్ళు వేషాలు కడతారు: ఒంటినిండా పసుపు నలుపు చారలు పూసుకున్న పులివేషం, దేవతల వేషాలు, మామూలు మనుషుల వేషాలు. వీధుల్లో పురాణ ఘట్టాల బొమ్మలతో రథాలు నిలుపుతారు. రథం నిలిపేది ఆ వీధివాళ్ళే కాబట్టి, విశ్లేషణకు దీనిలోనే ఎక్కువ సరుకుంది. చందా వసూలు చేయాలి, లెక్క చెప్పాలి, పనివాణ్ణి కుదుర్చుకోవాలి, కరెంటు తీగ ఎవరింటి మీదుగా వెళ్ళాలో ఒప్పించాలి, రాత్రి కాపలాకు వంతులు వేసుకోవాలి, యాత్ర ముగిశాక వీధి శుభ్రం చేయించాలి. వీటిలో ఏ ఒక్కటీ భక్తికి సంబంధించిన పని కాదు. ఇవన్నీ పొరుగువాడితో మాట్లాడక తప్పని పనులు. ఆల్‌పోర్ట్ చెప్పిన ఉమ్మడి లక్ష్యం, సహకారం ఇక్కడ చేతిపనిగా మారతాయి. రెండేళ్ళకోసారి ఇలా చేతులు కలిపినవాళ్ళకు, మధ్యలో మురుగుకాలువ పొంగినప్పుడు ఎవరిని పిలవాలో తెలిసి ఉంటుంది.

దీనికి మరో కోణం ఉంది. గంజాం జిల్లా మగవాళ్ళు పెద్ద సంఖ్యలో సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్తారు. ఏడాదిలో ఎక్కువ రోజులు చాలా కుటుంబాలు స్త్రీలూ ముసలివాళ్ళూ పిల్లలతోనే నడుస్తాయి. సొంత ఊరిలో రోజువారీ పరిచయాలు నిలుపుకోలేని వలస మనిషికి యాత్ర రోజులు తన వీధిలో తన స్థానం మళ్ళీ దక్కించుకునే అదను. అతను వేసిన చందా రసీదు మీద రాసిన పేరు, అతను లేని రోజుల్లో కూడా అతని ఇంటిని వీధి లెక్కలో ఉంచుతుంది.

ఇంతటి యాత్రకూ హద్దులున్నాయి. ఇది హిందూ దేవత జాతర, కాబట్టి ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఇందులో దొరికే చోటు చూసే చోటే గాని చేసే చోటు కాదు. పెద్దరికపు హక్కులు వంశాల వారీగా వస్తాయి. చందా ఇవ్వలేనివాడి మాటకు ఏ కమిటీలోనూ అంత బరువుండదు. రాత్రంతా సాగే వాయిద్యాలు, మూసుకుపోయిన దారులు రోగులకూ పరీక్షలు రాసే పిల్లలకూ కష్టమే. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాల్లో పెద్ద రోడ్లను మోటారు వాహనాలకు మూసి, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ వదులుతున్నారు. దానికి మతం లేదు, మొక్కు లేదు, ఎవరైనా దిగవచ్చు. బరంపురం వీధికి ఉన్న పూచీ, బొగోటా రోడ్డుకు ఉన్న తెరిచిన తలుపు ఒకే చోట చేరితే ఆ స్థలం చేసే మేలు చాలా పెద్దదవుతుంది. కార్పొరేషన్ నెలకో ఆదివారం ఒక పాతబజారు వీధిని ఇలా వదిలి, ఏర్పాట్లు వీధి కమిటీలకే అప్పగించి చూడవచ్చు. ఆ కమిటీలకు అనుభవం ఎప్పుడో వచ్చింది.

చెరువు పార్కయ్యేటప్పుడు ఎవరు బయటపడతారు

ఈ ప్రాంతపు పాత పట్టణాలన్నీ చెరువుల చుట్టూ పెరిగినవే. బరంపురం రామలింగం చెరువులాంటివి ఒకప్పుడు స్నానానికి, బట్టలుతుక్కోవడానికి, పశువులకు, దశదినకర్మలకు, పండగ స్నానాలకు ఉమ్మడి చోట్లు. నీళ్ళు చెడిపోవడం, కొళాయిలు రావడం, గట్లు ఆక్రమణలకు గురికావడం అన్నీ కలిసి ఈ వాడుకను తగ్గించాయి. ఆ తర్వాత దేశమంతటా జరిగినట్టే ఇక్కడా చెరువు గట్టు పార్కయింది: నడకదారి, రంగుదీపాలు, ఇనుప కమ్మీలు, తెరిచి మూసే వేళలు. ఊరి మధ్య కుళ్ళిపోతున్న నీటిని బాగుచేయడం మంచి పనే, ఉదయపు నడకకు చోటు దొరకడం కూడా మంచిదే. గట్టు అందరిదీ అయి ఉన్నప్పుడు అక్కడికి రావడానికి కారణం చూపించనక్కరలేదు. గేటు పడ్డాక కారణం కావాలి, వేళ కావాలి, చాలాచోట్ల టికెట్టు కూడా కావాలి. చాకలి పని చేసుకునే కుటుంబం, పగటిపూట నీడకోసం వచ్చే రిక్షా మనిషి, సంతకు దిగివచ్చి మూట దించుకుని కూర్చునే కొండ మనిషి ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గర ఆగిపోతారు. మిగిలినవాళ్ళు ఒకే తరగతివాళ్ళు. అప్పుడు ఆ పార్కు కూడా ఒక రకమైన రామమందిరమే అవుతుంది, లోపలి బంధాన్ని మాత్రమే పెంచుతుంది.

కేంద్ర ప్రభుత్వపు 2014 నాటి పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలంటాయి. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.7వది 2030 కల్లా అందరికీ, ముఖ్యంగా స్త్రీలకు, పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు సురక్షితమైన బహిరంగ స్థలాలు అందాలంటుంది. మొదటి కొలత ఎంత ఉందో చెబుతుంది, రెండోది ఎవరికి అందుతోందో అడుగుతుంది. మున్సిపాలిటీలు మొదటిదాన్ని లెక్కించి రెండోదాన్ని వదిలేయడం పరిపాటి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపు చెల్లదంది. పార్కు స్థలం మీద ఆ చుట్టుపక్కల నివాసులకు అడిగే హక్కు ఉందని ఒప్పుకుంది. అయితే ఉన్న పార్కులోకి పేదవాడు రాలేకపోతే దాన్ని ఏ కోర్టుకు తీసుకెళ్ళాలో చెప్పడం అంత తేలిక కాదు.

'పూర్వం చెరువు అందరిదీ' అన్న మాటను కూడా జాగ్రత్తగా అనాలి. పాత గట్టు నిజంగా అందరిదీ కాదు. రేవులు కులాల వారీగా ఉండేవి, కొన్ని కులాలకు ఏ రేవూ ఉండేది కాదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో చవ్‌దార్ చెరువును అస్పృశ్యులకు తెరుస్తూ మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. అయినా ఆ నీరు తాగే సాహసం ఎవరూ చేయలేని పరిస్థితిలో 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాదిమందితో వెళ్ళి దోసిలి పట్టి తాగవలసి వచ్చింది. ఆ తర్వాత దాడులు జరిగాయి, కోర్టు వ్యవహారం 1937 దాకా నడిచింది. కాగితం మీద అందరిదైన స్థలం కాళ్ళకిందికి రావడానికి ఇంత పట్టింది. కాబట్టి ఇప్పుడు జరగవలసింది పాత రేవును తిరిగి తేవడం కాదు. రేవుకు ఉన్న అవసరాన్ని, పార్కుకు ఉండగల సమానత్వాన్ని కలపాలి. గట్టు మీద ఒక పక్క గేటు లేని మెట్లు, తాగునీటి కొళాయి, మరుగుదొడ్డి, టీ బండికి చోటు, పెద్ద చెట్టు కింద అరుగు ఉంచితే ఆ పని చాలావరకు అవుతుంది. వీటికయ్యే ఖర్చు రంగుదీపాల కంటే ఎక్కువేమీ కాదు.

మరుగుదొడ్డి మాట పైకి చిన్నదిగా కనిపిస్తుంది, స్త్రీల విషయంలో అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. బజారులో ఉదయం నుంచి చీకటి పడేదాకా కూర్చునే ఆడమనిషి నీళ్ళు తాగడం మానుకుని కూర్చుంటుంది. పిల్లను తీసుకుని వచ్చిన తల్లి గంటకు మించి ఉండలేదు. వీధిదీపం, చూపుకు అడ్డురాని ప్రహరీ, చీకటి పడ్డాక కూడా తెరిచి ఉండే రెండు దుకాణాలు ఉంటే స్త్రీలు ఆగుతారు. స్త్రీలు ఆగేచోట పిల్లలు, ముసలివాళ్ళు ఆగుతారు. సగం జనం లేని చోటును కూడలి అనవచ్చునేమో, ఉమ్మడి చోటు అనలేము.

ఎండా గాలివానా పెట్టే పరీక్ష

సఖ్యత ఎంతుందో మామూలు రోజుల్లో బయటపడదు. 1998 వేసవిలో వడగాడ్పులకు ఒడిశాలో 2,000 మందికి పైగా చనిపోయారు. అంతకు మూడేళ్ళ ముందు 1995 జులైలో అమెరికాలోని షికాగోను వడగాడ్పు తాకినప్పుడు 700 మందికి పైగా మరణించారు. ఆ మరణాలను పేటల వారీగా పరిశీలించినప్పుడు, పేదరికంలో పెద్ద తేడా లేని ఇరుగుపొరుగు పేటల్లో కూడా మరణాల రేటు బాగా తేడాగా ఉన్నట్టు తేలింది. జనం తిరిగే అంగళ్ళు, సందడి ఉన్న కాలిబాటలు ఉన్న పేటలో ముసలివాళ్ళు ఇల్లు కదిలారు, కనిపించనివాళ్ళ గురించి ఎవరో ఒకరు అడిగారు. ఇళ్ళు ఖాళీ అయి అంగళ్ళు మూతపడిన పేటలో ఒంటరివాళ్ళు తలుపులు బిగించుకుని లోపలే పోయారు. బయటి స్థలానికీ బతికుండటానికీ ఉన్న సంబంధాన్ని ఇంతకంటే సూటిగా చూపిన ఉదాహరణ దొరకడం కష్టం. ఒడిశా పట్టణాల్లో వేసవి రాగానే వెలిసే జలఛత్రాలు, తెలుగు వీధుల వాళ్ళు చలివేంద్రాలనేవి, కుండలో నీళ్ళు ఇవ్వడంతోపాటు మరో పని కూడా చేస్తాయి. రోజూ వచ్చే రిక్షా ముసలాయన ఇవాళ రాలేదేమని తోచే మనిషి అక్కడ ఒకరు కూర్చుని ఉంటారు.

తుఫానుల విషయంలో ఒడిశా నేర్చుకున్న పాఠం ఇంకా స్పష్టంగా ఉంది. 1999 నాటి విపత్తు తర్వాత తీరం పొడవునా కట్టిన తుఫాను రక్షణ భవనాల్లో చాలావాటిని మామూలు రోజుల్లో బడులుగా, సభలకు వాడతారు. నిర్వహణకు స్థానికులతోనే కమిటీలు వేశారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేసరికి ఒడిశాలో దాదాపు పది లక్షల మంది ముందే సురక్షిత ప్రాంతాలకు చేరారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. హెచ్చరికల వ్యవస్థకు ఇందులో పెద్ద వాటా ఉంది. అయినా రోజూ పిల్లల్ని దించే భవనంలోకి, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలిసిన భవనంలోకి రాత్రిపూట వెళ్ళడానికి జనం వెనకాడరు. ఎన్నడూ గడప తొక్కని కట్టడంలోకి వెళ్ళమంటే వెనకాడతారు. మొదట చెప్పిన అవసరం, పూచీ రెండూ ఈ భవనాల్లో ఒక ప్రభుత్వ పథకం చేతిమీదుగానే కుదిరాయి. పల్లెల్లో చేయగలిగిన దాన్ని పట్టణ వార్డుల్లో ఎందుకు చేయకూడదన్న ప్రశ్నకు సరైన అభ్యంతరం ఏదీ కనిపించదు.

పట్టణాల్లో పూచీకి చట్టపరమైన దారి కొంత ఇప్పటికే ఉంది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది విక్రేతలు తమలోంచి ఎన్నుకున్నవాళ్ళై ఉండాలి, ఆ ఎన్నికైన వాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలి. బండి ఎక్కడ నిలపాలి, ఎక్కడ నిలపకూడదు అన్న నిర్ణయంలో బండివాడికి మాట ఉండాలన్నదే దీని సారం. సరిహద్దు పట్టణంలో దీనికి ఇంకో అర్థం కూడా ఉంది. బండ్లమీద అమ్మేవాళ్ళలో రెండు భాషల వాళ్ళూ, కొండజాతుల వాళ్ళూ ఉంటారు కాబట్టి, ఆ కమిటీ సక్రమంగా నడిస్తే భాషల మధ్య సమాన హోదాలో కూర్చుని మాట్లాడుకునే అరుదైన బల్ల అదే అవుతుంది. నోటీసు ఒడియాలో మాత్రమే అతికించి సంతకాలు తీసుకుంటే ఆ బల్లకు కాళ్ళుండవు. ఒడియా రాజభాషగా ఉండవలసిందే. దాని కింద నాలుగు వరుసలు తెలుగులో, సవరలో ఉండటంవల్ల దాని గౌరవం తగ్గదు.

గీత దాటే రోజువారీ దారి

పర్లాకిమిడి విషయం కొంచెం భిన్నం. 1992లో గజపతి జిల్లా ఏర్పడి పర్లాకిమిడి దాని కేంద్రమైంది, కాని ఊరి అవసరాలు జిల్లా హద్దుతో ఆగవు. మహేంద్రతనయ నది పరీవాహకంలోనే ఉన్న పాతపట్నం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, కూతవేటు దూరం. పెళ్ళి సామాను, ఆసుపత్రి, ట్యూషన్లు, వియ్యాలు అన్నీ గీతకు అటూ ఇటూ నడుస్తాయి. పర్లాకిమిడి రాజులు వేయించిన రైలు దారి 1900లో నౌపడా నుంచి మొదలై 1931 నాటికి గుణుపూర్ చేరింది, ఇప్పుడది బ్రాడ్‌గేజ్. ఆ దారి ఒక కొస ఆంధ్రలో, ఒక కొస ఒడిశాలో ఉంది. ప్యాసింజరు రైలు పెట్టెలో కూర్చున్నవాళ్ళు ఎక్కింది ఏ రాష్ట్రమో దిగేది ఏ రాష్ట్రమో పట్టించుకోకుండా గంట రెండు గంటలు ఒకరి బిడ్డను ఒకరు ఒడిలో పెట్టుకుని వెళ్తారు. ఉమ్మడి స్థలం నేలకు అతుక్కునే ఉండాలన్న నియమం లేదని ఈ పెట్టెలు చెబుతాయి.

2020లో లాక్‌డౌన్ వచ్చి రాష్ట్ర సరిహద్దులు మూసినప్పుడు ఈ ప్రాంతపు జనానికి ఆ గీత మొదటిసారి రోజువారీ బతుకులో తగిలింది. కూలికి, మందులకు, చావుకు కూడా అటు వెళ్ళలేని పరిస్థితి వచ్చింది. సూరత్ నుంచి పెద్ద సంఖ్యలో తిరిగివచ్చిన గంజాం వలస కార్మికులను సొంత ఊళ్ళలోనే అనుమానంగా చూసిన రోజులవి. బజారు మూతపడితే పరిచయాలు ఎంత త్వరగా పలచబడతాయో, పరిచయం పలచబడినచోట భయం ఎంత త్వరగా చేరుతుందో అప్పుడు తెలిసింది. సంతలు తెరిచాక రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి, దానికి ఎవరి ఉత్తర్వూ అవసరం పడలేదు.

ఇదంతా మున్సిపాలిటీ చేతికి ఎలా అందుతుందన్నది చివరి ప్రశ్న. సఖ్యతను నేరుగా కొలవడం కష్టం, స్థలాల వాడుకను కొలవడం మాత్రం తేలిక. ఒక బజారునో గట్టునో తీసుకుని ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం పదకొండింటికి, సాయంత్రం ఐదింటికి, రాత్రి తొమ్మిదింటికి వారంలో మామూలు రోజు ఒకటి, సంత రోజు ఒకటి లెక్క రాయవచ్చు. ఎంతమంది నడిచిపోయారు, ఎంతమంది ఆగారు, ఆగినవాళ్ళలో స్త్రీలెందరు, తోడు లేకుండా వచ్చిన స్త్రీలెందరు, కర్ర పట్టుకుని వచ్చిన ముసలివాళ్ళెందరు, ఒక్క భాషలోనే నడిచిన మాటలెన్ని, రెండు భాషలు కలిసిన మాటలెన్ని. కాలేజీ విద్యార్థులు ఈ లెక్క సులువుగా రాయగలరు. గేటు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఆరునెలలకు ఒకసారి రాయిస్తే, ఆ గేటు ఎవరిని బయట ఉంచిందో వార్డు సభలో కాగితం మీద చూపించవచ్చు.